‘రెండు రోజులు తిరిగితే సెట్ అయిపోద్ది’ అని పంపించెయ్యకండి

విజయనగరంలో టైర్ల షాపు నడిపేవాళ్ళూ, కారు ఉన్నవాళ్ళూ ఇద్దరూ చదవాలని రాస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టే, ఓపిక చేసుకోండి.

మొన్నామధ్య మా కారుకి నాలుగు టైర్లూ మార్పించాను. పాతవి బాగా అరిగిపోయి, గాళ్ళ మధ్యలో ఉండే చిన్న గట్టుకి సమానంగా వచ్చేశాయి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని చెప్పే గుర్తు అది. అక్కడికి వచ్చాక ఇంక ఆ టైరు మీద తిరగకూడదు. వానలు మొదలయ్యేలోపు మార్చేద్దామని ఊళ్ళోనే ఒక షాపుకి వెళ్ళాను. సైజు 185/65 ఆర్15. ఫిట్టింగు, బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు, నైట్రోజన్ గాలి అన్నీ కలిపి బిల్లు రూ.24,600. మాకది చిన్న మొత్తం కాదు. అయినా ఇంట్లో అందరూ ఎక్కే బండి, టైర్ల దగ్గర పొదుపు చూడకూడదని ఇచ్చేశాను.

ఆ వారమే ఆదివారం అమ్మని అరసవిల్లి దర్శనానికి తీసుకెళ్ళాను. రద్దీ ఉంటుందని తెల్లవారకముందే బయల్దేరాం. ఊళ్ళోనూ, డెంకాడ దాటి నాతవలస వరకూ బండి మెత్తగా వెళ్ళింది. నాతవలస దగ్గర హైవే ఎక్కి, పూసపాటిరేగ దాటేటప్పటికి స్పీడు 80 అయింది. అప్పుడు స్టీరింగు చేతుల్లో సన్నగా అదరడం మొదలుపెట్టింది. 90 దగ్గర ఆ అదురు మోచేతుల దాకా వచ్చింది. 70కి తగ్గిస్తే ఏమీ లేదు. మళ్ళీ పెంచితే మళ్ళీ మొదలు.

పక్క సీట్లో ఉన్న అమ్మ చూసి, “బావూ, సక్రం అలా ఒణుకుతోందేటి? కొత్త టైర్లే కదా ఏయించినావు?” అంది. కంగారు పెట్టడం ఎందుకని రోడ్డు బాగోలేదమ్మా అన్నాను. కానీ రణస్థలం దాటాక రోడ్డు అద్దంలా ఉన్నచోట కూడా అదురు అలాగే ఉంది. మిగతా దారంతా 65 దాటకుండా ఎడమ పక్కనే వెళ్ళాను. ఒడిశా వైపు వెళ్ళే లారీలు హారన్లు కొట్టుకుంటూ దాటిపోతుంటే అమ్మ చీర కొంగు నోట్లో పెట్టుకుని కూర్చుంది. ఆ గంటసేపూ పడ్డ టెన్షన్ నాకింకా గుర్తుంది.

మర్నాడు షాపుకి వెళ్ళాను. “కొత్త టైర్లు కదా మాస్టారూ, రెండు రోజులు తిరిగితే సెట్ అయిపోద్ది” అన్నారు.

నా కోపమంతా ఈ మాట మీదే. కొత్త టైర్లలో సర్దుకునేవి ఒకటి రెండు నిజంగానే ఉన్నాయి. అచ్చులోంచి తీసేటప్పుడు పట్టిన జిడ్డు పైపొర మీద ఉంటుంది కాబట్టి మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు పట్టు కాస్త తక్కువగా ఉండొచ్చు, నెమ్మదిగా నడపమంటారు. చాలాకాలం కదలకుండా ఉన్న బండి టైరు నేలని ఆనినచోట కొంచెం చదునై, బయల్దేరిన కొత్తలో దడదడమని, వేడెక్కాక మామూలైపోతుంది. చక్రంలో బరువు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ ఉంటే మాత్రం అది రెండు రోజులకీ సర్దుకోదు, రెండు నెలలకీ సర్దుకోదు. ఈలోపు ఆ అదురు చక్రాల్ని పట్టి ఉంచే బాల్ జాయింట్లకీ, వాటిని పక్కకి తిప్పే టై రాడ్ చివర్లకీ, బేరింగుకీ చేరుతుంది. టైరు కూడా చుట్టూ ఒకేలా కాకుండా అక్కడక్కడా అరుగుతుంది.

రెండోసారి వెళ్తే షాపు కుర్రాడు తాళం తీసుకుని మయూరి జంక్షన్ దాకా నడిపి వచ్చి, “ఏటీ లేదు సార్, బాగానే ఉంది” అన్నాడు. అబద్ధమాడాడని నేననను. ఆ ట్రాఫిక్‌లో 40 దాటడమే కష్టం. 40లో అతనికి అది తెలియదు.

ఎందుకు తెలియదో చెప్తాను. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ మాస్టారిని. పదో తరగతి పిల్లలతో కలిసి బోర్డు మీద ఈ లెక్క వేశాను. రిమ్ము అంచున 30 గ్రాములు ఎక్కువ ఉందనుకోండి. మా కారు చక్రం సైజుకి, 100 కిలోమీటర్ల వేగంలో ఆ 30 గ్రాములూ సుమారు 5 కిలోల బలంతో చక్రాన్ని బయటికి లాగుతాయి. అదీ సెకనుకి 14, 15 సార్లు, ఒక్కో చుట్టుకి ఒక్కో దెబ్బ. వేగం సగమైతే బలం సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. 40లో అది ముప్పావు కిలోకి కాస్త పైన, అంతే. మన చేతులకి అందదు. హైవే మీద పుట్టే జబ్బుని మయూరి జంక్షన్‌లో వెతికితే దొరకదు. విజయనగరం ఊరు నాతవలస మీదుగా పోయే ఆ పెద్ద హైవే మీద లేదు. పదిహేను కిలోమీటర్లు బయటికి వెళ్తే గానీ 90 స్పీడు రాదు. మన ఊరి షాపులవాళ్ళు ఈ సంగతి అందరికన్నా ముందు గుర్తుపెట్టుకోవాలి.

మూడోసారి వెళ్తే అలైన్‌మెంట్ మళ్ళీ చేస్తామన్నారు. చేశారు కూడా. అదురు పోలేదు, ఎందుకంటే అది వేరే పని. అలైన్‌మెంట్ చక్రాలు ఎటు చూస్తున్నాయో, ఎంత ఒరిగాయో సరిచేస్తుంది. అది తప్పితే బండి ఒక పక్కకి లాగుతుంది, టైరు ఒక అంచు అరుగుతుంది. బ్యాలెన్సింగ్ ఒక్కో చక్రంలో బరువుని చుట్టూ సమానం చేస్తుంది. స్పీడు పెరిగినప్పుడే వచ్చి, తగ్గిస్తే పోయే అదురుకి మొదట చూడాల్సింది బ్యాలెన్సింగే. ఇంత మామూలు సంగతి ఆ పనే చేసే షాపులో తెలియకపోతే నాకు భయమేసింది.

చివరికి మా తోడల్లుడు శ్రీకాకుళంలో తనకి తెలిసిన ఒక పెద్దాయన షెడ్డుకి వెళ్ళమన్నాడు. ఆయన బానెట్ తియ్యలేదు, జాకీ పెట్టలేదు. ముందు నన్ను కూర్చోబెట్టి అడిగారు. ఏ స్పీడులో వస్తోంది? బ్రేకు తొక్కినప్పుడే వస్తోందా, ఊరికే వెళ్తున్నా వస్తోందా? చేతుల్లో తెలుస్తోందా, సీటు కింద తెలుస్తోందా? బ్రేకుకి మాత్రమే అదిరితే డిస్కు చూడాలట. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే వచ్చి, వదిలేస్తే పోతే, ఇంజను శక్తిని చక్రాలకి చేర్చే డ్రైవ్ షాఫ్టు వైపు చూడాలట. స్టీరింగులో అదిరితే ముందు చక్రాలు, సీటులోనూ ఫ్లోరులోనూ అదిరితే వెనక చక్రాలు. అలా కాకుండా 20, 30 స్పీడులోనే బండి ఎగిరెగిరి పడుతుంటే టైరు ఉబ్బిందో, రిమ్ము వంగిందో అయ్యుంటుంది, అలాంటి బండి నడుపుకుంటూ రావద్దు, ఫోను చెయ్యి అన్నారు. నలభై ఏళ్ళ అనుభవం ఆ ప్రశ్నల్లో ఉంది. మొదటి షాపులో ఎవరైనా ఈ ప్రశ్నల్లో ఒక్కటి అడిగి ఉంటే నన్ను మూడుసార్లు తిప్పేవాళ్ళు కాదు.

తర్వాత గాలి చూశారు. 33 పీఎస్‌ఐ ఉండాల్సినచోట 42 ఉంది. టైరు అంచు రిమ్ములో కూర్చోవడానికి ఎక్కువ గాలి కొడతారు, తర్వాత తగ్గించాలి. మాకు తగ్గించలేదు. నైట్రోజన్‌కి విడిగా డబ్బు తీసుకున్నారు గానీ ఎంత కొట్టాలో చూడలేదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది. నాకు కావలసింది సరైన ప్రెషరు.

చక్రాలు విప్పాక అసలు సంగతి బయటపడింది. వెనక రెండింటికీ కొత్త వెయిట్లు, అంటే బరువు సమానం చెయ్యడానికి రిమ్ముకి పెట్టే చిన్న లోహపు ముక్కలు, మెరుస్తూ ఉన్నాయి. ముందు ఎడమ చక్రానికి పాత టైరు నాటి వెయిట్లే ఉన్నాయి, నల్లగా మసిపట్టి. అంటే దాన్ని బ్యాలెన్సింగ్ మెషీను ఎక్కించనే లేదు. కుడి చక్రానికి కొత్త వెయిట్లు అంటించారు, కానీ రిమ్ము లోపలి వైపు అరచేయంత మేర మట్టి గడ్డకట్టి ఉంది. మా అమ్మవాళ్ళ ఊరు నరసన్నపేట దగ్గర, చేల మధ్య దారి, ఆ మట్టే అది. ఆ మట్టితో సహా బ్యాలెన్సు చేశారన్నమాట. తర్వాత అది కొంత ఎండి రాలిపోయింది, లెక్క తప్పింది. మెషీను మీద ఎక్కిస్తే ఎడమ చక్రం లోపలివైపు 30, బయటివైపు 15 గ్రాములు తేడా చూపించింది. నేను ఫోటో తీసుకున్నాను.

ఆయన పని చేసిన తీరు ఇంకా కళ్ళ ముందుంది. రిమ్ములు కడిగించి, పాత వెయిట్లు గీకించి, చక్రం బిగించే హబ్బు మీద తుప్పుని వైర్ బ్రష్‌తో రుద్దించారు. అక్కడ తుప్పు పెంకు ఉంటే చక్రం తిన్నగా ఆనదట. టైరు అంచున రిమ్ముని ఆనుకుని ఒక సన్నని గీత ఉంటుంది, అది చుట్టూ ఒకే దూరంలో ఉందో లేదో వేలితో తడిమి చూశారు. వెయిట్లు అంటించాక మెషీను మళ్ళీ తిప్పి, రెండువైపులా సున్నా వచ్చాక నన్ను పిలిచి చూపించారు. నట్లు ముందు చేత్తో తిప్పి, ఒకదాని తర్వాత దాని ఎదుటిది చొప్పున బిగించి, ఆఖర్న, బిగింపు ఎంతో కొలిచే టార్క్ రెంచితో సరిచూశారు. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి చూపించుకోమన్నారు. అప్పుడు ఆయనే పక్కన కూర్చుని, నన్నే నడపమని ఎచ్చెర్ల వైపు హైవే మీదికి తీసుకెళ్ళారు. 80, 90, 100. స్టీరింగు మీద రెండు వేళ్ళు ఆనించాను. ఏ అదురూ లేదు. ఆయన తీసుకున్నది చక్రానికి వంద రూపాయలు.

ఇప్పుడు షాపులవాళ్ళకి నా మాట. టైరు రిమ్ముకి ఎక్కించగానే మీ పని అయిపోయిందనుకోకండి. మెషీను సున్నా చూపించాలి, ఆ సున్నాని బండి యజమానికి చూపించాలి. ఆ కుర్రాళ్ళ మీద నాకు కోపం లేదు. ఇంటర్ మధ్యలో మానేసి, ఎండలో నిలబడి రోజుకి ఎన్నో చక్రాలు విప్పి బిగిస్తున్న పిల్లలు వాళ్ళు. మట్టి కడగాలనీ, పాత వెయిట్లు తియ్యాలనీ ఎవరూ చెప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది? చెప్పాల్సింది యజమాని. లక్షలు పెట్టి మెషీను కొన్నవాళ్ళు దాన్ని వాడటం నేర్పడానికి రెండు రోజులు ఖర్చు పెట్టలేరా?

కార్లున్నవాళ్ళకీ చెప్తున్నాను. ఏసీ గదిలో కూర్చుని ఫోను చూసుకోకండి, నేనూ అదే తప్పు చేశాను. చక్రాల దగ్గర నిలబడండి. టైరు మీద తయారీ తేదీ నాలుగు అంకెల్లో ఉంటుంది, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం, అది చూసుకోండి. నాలుగు చక్రాలూ మెషీను ఎక్కేదాకా చూడండి. బిల్లులో బ్యాలెన్సింగ్ అని విడిగా రాయించుకోండి. ఆ వారంలోనే ఒకసారి నాతవలస దాకా వెళ్ళి 90లో నడిపి చూడండి. అదురు ఉంటే అదే రోజు వెనక్కి తీసుకెళ్ళండి. ‘సెట్ అయిపోద్ది’ అంటే ఒప్పుకోకండి.

నేను ఆ ఫోటో పట్టుకుని మళ్ళీ మొదటి షాపుకి వెళ్ళాను. గొడవపడలేదు. యజమాని చాలాసేపు ఫోటో చూసి, బ్యాలెన్సింగ్ డబ్బు వెనక్కి ఇవ్వబోయారు. డబ్బు వద్దు, ఆ కుర్రాణ్ణి పిలవండి అన్నాను. వచ్చాడు. మసిపట్టిన పాత వెయిట్లు జేబులోంచి తీసి అతని చేతిలో పెట్టి, రిమ్ములోని మట్టి ఫోటో చూపించాను. “ఇంత బరువుకే అలా ఒణికిపోద్దా సార్?” అన్నాడు. పక్కనే ఉన్న బిల్లు కాగితం వెనక్కి తిప్పి, ఇద్దరం కూర్చుని ఆ 5 కిలోల లెక్క మొదట్నుంచీ వేశాం.