గొలుసు సూట్‌కేసుకే సుమా!

విజయవాడ స్టేషన్లో రాత్రి బండెక్కే తెలుగువాడి జాగ్రత్త చూసితీరాలి. గొలుసూ తాళం కొని, కింది బెర్తు కిందున్న ఇనుప రింగుకు సూట్‌కేసు కట్టేస్తాడు. తాళం పడిందో లేదో రెండుసార్లు లాగి చూస్తాడు. లోపలున్నవి నాలుగు జతల బట్టలు, అత్తగారిచ్చిన ఆవకాయ సీసా. బండి కదలడానికి ఇంకా పది నిమిషాలుంది కదాని ఫోను తీసి, పైన కనబడ్డ ఉచిత వైఫైకి తనను తాను అప్పగించుకుంటాడు.

డేటా లేక కాదు. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉంది, అందులో సగానికి పైగా అర్ధరాత్రికి ఎవరికీ కాకుండా పోతుంది. అయినా ఊరికే వస్తే నాకొకటి, మా అన్నకొకటి అనే వంశం మనది.

స్టేషన్లో రైల్వేవారి అసలు వైఫై పేరు 'రైల్‌వైర్'. రోజుకు మొదటి అరగంట ఉచితం. అయితే వైఫై పేరంటే దుకాణం బోర్డు లాంటిది, ఎవరైనా రాయించుకోవచ్చు. పక్క బెంచీవాడు తన హాట్‌స్పాట్‌కు అదే పేరు పెట్టడానికి అర నిమిషం చాలు. పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్ కాబట్టి, నిరుడోసారి కలిసిన మీ ఫోను ఆ పేరు వినగానే పరిగెత్తుకెళ్లి కలుస్తుంది. పని అయ్యాక ఆ పేరు మీద 'ఫర్‌గెట్' నొక్కి, ఆటో కనెక్ట్ ఆపేస్తే ఈ బెడద ఉండదు. కానీ ఒకసారి పరిచయమైనవాణ్ని మరిచిపొమ్మనడం మర్యాదేనా?

పాపం, దొంగలకూ గడ్డుకాలమే. 2010లో ఫైర్‌షీప్ అనే బ్రౌజర్ యాడ్-ఆన్ వచ్చినప్పుడు, ఒకే వైఫైలో ఉన్నవాళ్ల ఫేస్‌బుక్‌లోకి రెండు నొక్కుల్లో దూరిపోయేవారు. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్, అంటే రాసినదానికి తాళం వేసి పంపేవి. ఏ సైటుకు వెళ్లారో తెలియొచ్చుగానీ, అక్కడ ఏం రాశారో గాల్లో పట్టుకున్నా చదవలేరు. ఇక మన సహకారం లేనిదే వాళ్లకు పూట గడవదు.

ఆ సహకారం ఇలా చేస్తాం. నకిలీ వైఫై పేజీ ఫోన్ నంబరు అడుగుతుంది, ఇస్తాం. అవతలివాడు అదే నంబరుతో తన ఫోన్లో వాట్సాప్ తెరుస్తాడు. మనకు ఆరంకెల కోడ్ వస్తుంది. ఇది వాట్సాప్ కోడ్, ఎవరికీ చెప్పొద్దని ఆ మెసేజ్‌లోనే రాసి ఉంటుంది. అంకెలుండగా అక్షరాలు చదివే తీరిక ఎవరికుంది? తీసుకెళ్లి వైఫై పేజీలో కొడతాం, మన వాట్సాప్ వాడి చేతికి వెళ్తుంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్‌కు వెళ్లి టూ-స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టుకునుంటే వాడు అక్కడే ఆగిపోయేవాడు. అదీ పెట్టం, అతిథి గుమ్మంలో నిలబడిపోతాడని.

మరీ ఉదారులు ఆ పేజీ ఇచ్చిన ఏపీకే ఫైలు (యాప్ స్టోరుతో పనిలేకుండా నేరుగా ఫోన్లో చేరే యాప్) వేసుకుంటారు, యూపీఐ పిన్ కూడా కొడతారు. వైఫైకి పిన్నుతో ఏం పని అన్న అనుమానం రాకపోవడం గొప్ప సంస్కారం. బ్రౌజర్ 'కనెక్షన్ సురక్షితం కాదు' అని ఎర్రగా మొత్తుకున్నా, 'అడ్వాన్స్‌డ్' నొక్కి మరీ ముందుకు సాగుతారు.

బండి రాజమండ్రి చేరేసరికి పెదనాన్నకు మనవాడి పేరుతో మెసేజ్: 'అర్జెంటుగా పదిహేను వేలు పంపండి, రేపిస్తా'. ఆయన పంపేస్తాడు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, వాడు డ్రా చేసుకునేలోపు ఆ సొమ్ము ఖాతాలోనే ఆగే వీలుంది. మనవాడు మాత్రం ముందు వంగి బెర్తు కింద చెయ్యి పెట్టి, తాళం లాగి చూసుకుంటాడు.

ఆవకాయ భద్రంగానే ఉంది.