ప్రేమించినవాళ్లు మంచివాళ్లే అయ్యుండాలా?

"ఒక్క మంచోడు లేడు గదా సార్ ఈ పుస్తకంల. ఎవరి కోసం ఏడ్వాలె?" 'వదరింగ్ హైట్స్' చదివిన నల్లగొండ విద్యార్థిని ఒకరు అన్న మాట ఇది. సబబైన ఫిర్యాదే. ఎమిలీ బ్రాంటీ 1847లో తెచ్చిన ఈ నవలలో హీత్‌క్లిఫ్ పగబట్టిన మనిషి, కేథరిన్ మొండిఘటం. కథ చెప్పే పనిమనిషి నెల్లీని కూడా పూర్తిగా నమ్మలేం.

మనకు విషాద ప్రేమ అంటే దేవదాసు. శరత్ నవలలో అతను గాలం కర్రతో పార్వతి నుదుటి మీద మచ్చపడేలా కొడతాడు. 1953 సినిమా చూసినవాళ్లను అడగండి, ఆ దెబ్బ కంటే ముందు ఘంటసాల గొంతు గుర్తుకొస్తుంది. పాట అతని తప్పులన్నీ కడిగేసింది. బ్రాంటీ దగ్గర ఆ సదుపాయం లేదు. కేథరిన్ వేరొకర్ని పెళ్లాడాక, ఆమె ఆడబిడ్డ ఇసబెల్లా తనతో లేచిపోయి వచ్చే రాత్రే హీత్‌క్లిఫ్ ఆమె పెంపుడు కుక్కను ఉరేసి వేలాడదీస్తాడు. పైగా ఇది నన్ను ప్రేమకథలో హీరో అనుకుంది అని ఆమె ఎదుటే ఎగతాళి చేస్తాడు. ఇంత చెప్పినా అతణ్ని హీరో చేసే పాఠకులకు కొదవ లేదు, అది వేరే సంగతి.

మన జిల్లాలో చదివేవాళ్లకు మాత్రం చూపు ఇంకోచోట ఆగుతుంది. హీత్‌క్లిఫ్ లివర్‌పూల్ వీధుల్లో దొరికిన పిల్లాడు. ఎవరి బిడ్డో తెలియదు. తెచ్చుకున్న పెద్దాయన, అంటే కేథరిన్ తండ్రి, పోగానే ఆయన కొడుకు హిండ్లీ అతని చదువు మాన్పించి పనికి తోలాడు. ఒకరాత్రి కేథరిన్ నెల్లీతో, ఇప్పుడు అతణ్ని చేసుకుంటే నా పరువు పోతుంది అంటుంది. చాటున ఉన్న హీత్‌క్లిఫ్ అంతవరకే విని వెళ్లిపోతాడు. అతనంటే తనకు ఎంత ప్రేమో ఆ తర్వాత చెబుతుంది, అది అతని చెవిన పడదు. ఈ సీన్ మనకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

మరి తిరిగొచ్చి ఏం చేశాడు? హిండ్లీ కొడుకు హేర్టన్‌కు అక్షరం ముక్క రానివ్వలేదు, వాడి ఇంట్లోనే వాణ్ని కూలివాణ్ని చేశాడు. దెబ్బతిన్నవాడు దేవుడై తీరాలని బ్రాంటీ అనుకోలేదు. మనమే అనుకుంటాం. 2018లో మిర్యాలగూడలో కులాంతర పెళ్లి చేసుకున్న ప్రణయ్ పరువు హత్య తర్వాత పిల్లాడు ఎలాంటోడు, పిల్ల తండ్రి మాట ఎందుకు వినలేదు అన్న వాదనలు ఎన్ని విన్నాం! తండ్రిని వెనకేసుకొచ్చినవాళ్లూ ఉన్నారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. అందుకు చనిపోయినవాడి క్యారెక్టర్ సర్టిఫికెట్ అవసరపడలేదు.

ఇంగ్లీషు క్లాసుల్లో 'హీత్‌క్లిఫ్ హీరోనా, విలనా?' అన్న ప్రశ్న పాతదే. నన్ను దిద్దమంటే, హిండ్లీ లాక్కున్న చదువునూ హేర్టన్‌కు దక్కనివ్వని చదువునూ పక్కపక్కన రాసి, ఒకదాని కోసం రెండోదాన్ని కొట్టేయని పేపరుకే ఎక్కువ మార్కులు వేస్తాను.