బుడగలు ఆగితే బీరు చచ్చిపోయినట్టు కాదు

గంట క్రితం మా ఇంటికి భోజనానికి వచ్చిన మా ఆయన ఫ్రెండు బేస్‌మెంట్‌లోకి దిగి నేను బీరు పులియబెడుతున్న బకెట్ మూత లేపేశాడు. అడగలేదు, చెప్పలేదు. లేపి, మొహం లోపలికి పెట్టి చూసి, నా వైపు కాదు, మా ఆయన వైపు తిరిగి "అన్నా, నీ బీరు చచ్చిపోయింది. బుడగల్లేవు. ఇంకో ప్యాకెట్ ఈస్ట్ వెయ్" అన్నాడు.

ఆ బీరు నాది. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) మరిగించింది నేను, చేదు కోసం హాప్స్ పూలు వేసింది నేను, 5 గ్యాలన్లు చల్లార్చి, చక్కెర తిని ఆల్కహాల్, గ్యాసు తయారుచేసే ఈస్ట్ చల్లింది నేను. మా ఆయన "అది తనది, నాకేం తెలీదు" అని రెండుసార్లు చెప్పాడు. అయినా ఆ పెద్దమనిషి ఆయనకే క్లాసు పీకాడు.

ఈ బుడగల పిచ్చి ఎప్పుడు వదులుతుందో జనానికి! మూత మీదుండే ఎయిర్‌లాక్ అంటే లోపలి గ్యాసు బయటికి పోవడానికి నీళ్ళు పోసి పెట్టిన చిన్న ప్లాస్టిక్ గొట్టం, అంతే. బకెట్ మూత అంచు కాస్త వదులుగా ఉన్నా గ్యాసు ఆ సందులోంచే పోతుంది, గొట్టంలో ఒక్క బుడగ కూడా రాదు. పులియడం ఎప్పుడో అయిపోయినా గది వేడెక్కితే బీరులో కరిగున్న గ్యాసు బయటికొచ్చి మళ్ళీ బుడబుడమంటుంది. దాన్ని చూసి బీరు సంగతి ఎలా తేలుస్తారు?

తేల్చేది హైడ్రోమీటర్, అంటే బీరులో చక్కెర ఎంత మిగిలిందో చూపించే అంకెల గాజు కడ్డీ. బకెట్ కుళాయి తిప్పి సన్నటి గొట్టంలోకి కొంచెం బీరు పట్టి, గాజు కడ్డీని అందులో వదిలి, వేళ్ళతో ఒకసారి గిర్రున తిప్పాలి. లేకపోతే బుడగలు కడ్డీకి అంటుకుని పైకి లేపేస్తాయి, అంకె తప్పు చూపిస్తుంది. ఈస్ట్ చక్కెర తినేకొద్దీ కడ్డీ కిందికి దిగుతుంది, అంకె తగ్గుతుంది. ఉత్త నీళ్ళలో అయితే 1.000 చూపిస్తుంది. నా బీరు మొదటి రోజు 1.050. మొన్న 1.024. ఈ పొద్దున 1.018. ఈ మూడు రోజుల్లో ఎయిర్‌లాక్‌లో ఒక్క బుడగ లేదు! చచ్చిపోయిన బీరు ఇలా దిగుతుందా? 1.012 దగ్గర ఆగి, రెండు మూడు రోజులు అదే అంకె చూపిస్తే అప్పుడు అయిపోయినట్టు. అంటే సుమారు 5 శాతం ఆల్కహాల్.

నేనిది తేలిగ్గా నేర్చుకోలేదు. మొదటి కిట్ అమ్మిన షాపువాడు "మొదటిసారికి హైడ్రోమీటర్ అక్కర్లేదు" అన్నాడు. పెట్టెలోని కాగితం మీద ఏడు రోజులకి సీసాల్లో పొయ్యమని ఉంది. బుడగలూ ఆగాయి కదా అని పోశాను. చక్కెర ఇంకా మిగిలే ఉంది, మూసిన సీసాల్లో ఈస్ట్ దాన్ని తింటూ గ్యాసు నింపేసింది. పదో రోజు రాత్రి క్లోజెట్‌లో రెండు సీసాలు పేలాయి. గాజు పెంకు ఒకటి తలుపు చెక్కలో దిగబడి ఉంది. అదే తలుపు వెనక పొద్దునే మా పాప బూట్ల కోసం వెతికింది. పది డాలర్లకి దొరికే కడ్డీ వద్దని చెప్పిన మనిషిని నేను ఈ జన్మకి క్షమించను.

పులియడం నాకు కొత్తా? ఇడ్లీ పిండి పొంగకపోయినా వాసన చూసి పులిసిందో లేదో చెప్పేసే అమ్మ దగ్గర పెరిగాను. ఈ ఒహాయో చలిలో ఓవెన్ లైటు వేసి తొమ్మిదేళ్ళుగా పిండి పులియబెడుతున్నాను. అప్పుడు "వదినా, ఇడ్లీ దూదిలా ఉంది" అని ఇంటికొచ్చినవాళ్ళు తలా ఆరు తింటారు. అదే చెయ్యి బీరు మీద పడేసరికి "ఆడవాళ్ళకి ఇవెందుకు, అసలు ఇంట్లో కాచడం లీగలేనా" అంటారు. 1978లో అమెరికా అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టం ప్రకారం ఒక ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుంటే ఏడాదికి 200 గ్యాలన్ల దాకా అమ్మకుండా కాచుకోవచ్చు. ఈ మాట గృహప్రవేశంలో ఒకసారి, పుట్టినరోజులో ఒకసారి చెప్పాను. రెండుసార్లూ మా ఆయన వైపు చూసి "నిజమేనా అన్నా?" అని అడిగారు. కారు రిపేరైనా అంతే, టాక్స్ ఫైలింగ్ అయినా అంతే. జవాబు నా నోట్లోంచి వస్తుంది, చూపులు ఆయన మీదుంటాయి.

ఇప్పుడు నా టెన్షన్ ఆ మూత గురించి. గాలి తగిలిన బీరుకి తడి అట్టపెట్టె వాసన వస్తుంది. ఈస్ట్ ఇంకా పని చేస్తోంది కాబట్టి లోపలికి పోయిన గాలిని కొంతైనా తినేస్తుందని ఆశ. మూత మళ్ళీ గట్టిగా నొక్కి, టేపు వేసి వచ్చాను.

రేపు పొద్దున మళ్ళీ రీడింగ్ తీస్తాను. సీసాలు సిద్ధమయ్యాక ఆ ఫ్రెండుకి గ్లాసు కావాలంటే నన్ను అడగాలి, మా ఆయన్ని కాదు.