సోనార్‌లో కనిపిస్తే చాలదు: సముద్రం అడుగున విమానం వెతకాలంటే

2024 జనవరిలో కొద్ది రోజుల తేడాతో రెండు వార్తలు వచ్చాయి. మొదటిది మన బంగాళాఖాతానిది. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయల్దేరి మాయమైన వాయుసేన ఏఎన్-32 విమాన శకలాలు దొరికాయని రక్షణ శాఖ ప్రకటించింది. చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున అవి ఉన్నాయి. అందులో వెళ్లిన 29 మందిలో ఎనిమిది మంది విశాఖపట్నం నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. విమానం ఏ దిక్కున పడిందో కూడా తెలియకుండా ఆ కుటుంబాలు ఏడున్నరేళ్లు గడిపాయి.

రెండో వార్త పసిఫిక్ మహాసముద్రానిది. 1937లో ప్రపంచాన్ని చుట్టి వస్తూ కనిపించకుండా పోయిన అమెరికన్ మహిళా పైలట్ అమేలియా ఇయర్‌హార్ట్ విమానం దొరికి ఉండొచ్చంటూ డీప్ సీ విజన్ అనే అమెరికన్ సంస్థ ఒక సోనార్ చిత్రాన్ని, అంటే శబ్దంతో సముద్రం అడుగును చదివి తీసిన బొమ్మను, బయటపెట్టింది. పసుపు రంగు మసకలో విమానం ఆకారం. ప్రపంచమంతా ఆ ఫొటో తిరిగింది. పది నెలల తర్వాత, నవంబరులో, అదే సంస్థ మళ్లీ అక్కడికి వెళ్లి దగ్గర నుంచి చూసింది. అది విమానం కాదు, రాతి దిబ్బ.

రెండు చోట్లా దిగింది 6,000 మీటర్ల లోతును తట్టుకునే మానవరహిత వాహనమే. మొదటి దాన్ని చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, అంటే నియాట్, నడిపింది. యంత్రాల్లో పెద్ద తేడా లేదు, కష్టంలో కూడా ఎవరూ తక్కువ చేయలేదు. తేడా అంతా ఓడ రేవు దాటక ముందు, ఫొటో చేతికొచ్చాక జరిగిన పనిలో ఉంది. ఇయర్‌హార్ట్ విమానం కోసం రేపు ఎవరు బయల్దేరినా ముందు ఆలోచించాల్సింది దాని గురించే.

ఏఎన్-32 వెళ్తున్న దారి తెలుసు, చివరిసారి రాడార్‌లో కనిపించిన చోటూ తెలుసు. ఇయర్‌హార్ట్ విషయంలో అలాంటి చోటు ఏదీ లేదు. 1937 జూలై 2న ఆమె, నావిగేటర్ ఫ్రెడ్ నూనన్ కలిసి న్యూగినీలోని లే నుంచి లాక్‌హీడ్ ఎలక్ట్రా విమానంలో బయల్దేరారు. అంతకు రెండు వారాల ముందే కరాచీ, కలకత్తాల్లో దిగి వెళ్లారు. ఇప్పుడు చేరాల్సింది 4,100 కిలోమీటర్ల దూరంలోని హౌలాండ్ దీవి. పట్టుమని రెండున్నర కిలోమీటర్ల పొడవు కూడా లేని చదునైన నేల అది. అప్పటి మ్యాపుల్లో దాని స్థానం అయిదారు మైళ్లు పక్కకు ఉంది. దారి చూపడానికి ఇటాస్కా అనే కోస్ట్ గార్డ్ ఓడ అక్కడ పొగ వదులుతూ ఎదురుచూస్తోంది.

ఉదయం 7:42కి ఆమె గొంతు గట్టిగా వినిపించింది. మీ మీదే ఉండి ఉండాలి కానీ మీరు కనబడటం లేదు, పెట్రోలు తగ్గిపోతోంది, వెయ్యి అడుగుల ఎత్తులో ఎగురుతున్నాం అని చెప్పింది. 8:43కి మరో మాట: 157-337 రేఖ మీద ఉన్నాం, ఉత్తర దక్షిణాలుగా తిరుగుతున్నాం. అదే ఆఖరు. ఓడ వాళ్లకు ఆమె మాట వినబడుతోంది గానీ ఆమెకు వాళ్ల మాట అందలేదు. ఆమె మాట్లాడిన కొద్ది సెకన్లలో గొంతు ఏ దిక్కు నుంచి వస్తోందో పట్టుకోవడం ఓడలోని పరికరాలకు సాధ్యం కాలేదు. 157-337 అన్నది సూర్యుణ్ని చూసి గీసిన రేఖ, ఆ అంకెలు దిక్సూచి డిగ్రీలు. ఆ రేఖ మీద ఎక్కడ ఉన్నారో, అసలు ఆ రేఖ సరిగ్గా గీశారో లేదో అది చెప్పదు.

ఇక్కడ చిన్న లెక్క చూద్దాం. ఎలక్ట్రా గంటకు సుమారు 240 కిలోమీటర్ల వేగంతో పోతుంది. చివరి మాట తర్వాత అరగంటే ఎగిరిందనుకున్నా 120 కిలోమీటర్లు పోగలదు. ఎటు పోయిందో తెలియదు కాబట్టి చుట్టూ వృత్తం గీస్తే 45,000 చదరపు కిలోమీటర్లు అవుతుంది. డీప్ సీ విజన్ వంద రోజుల యాత్రలో జల్లెడ పట్టింది దాదాపు 13,400 చదరపు కిలోమీటర్లు. మన పాత ఉమ్మడి నెల్లూరు జిల్లా అంత. ఆ సంస్థ అధిపతి తన ఆస్తులు అమ్మి పెట్టిన కోటీ పది లక్షల డాలర్లు దానికే అయిపోయాయి. ఇదే లెక్కన ఆ వృత్తం మొత్తం వెతకాలంటే దాదాపు ఏడాది నిరంతరంగా సముద్రంలోనే ఉండాలి.

అందుకే ఓడ అద్దెకు తీసుకోక ముందు కాగితాల మీద పెట్టే ఖర్చే అన్నిటికంటే చవక అని నా అభిప్రాయం. ఇటాస్కా రేడియో లాగ్‌ను, ఆనాటి గాలుల వివరాలను, ఇంధనం లెక్కలను, ట్రాన్స్‌మిటర్ శక్తిని మళ్లీ మళ్లీ పరీక్షించి ఆ వృత్తాన్ని పదో వంతు కుదించగలిగినా నెల రోజుల ఓడ ఖర్చు మిగులుతుంది. 2002, 2006, 2017లో అక్కడ వెతికిన నాటికోస్ సంస్థ అంత శ్రమపడి పాత రేడియో పరికరాల మీద పరిశోధన చేయించింది అందుకే. డీప్ సీ విజన్ మరో సిద్ధాంతాన్ని నమ్మింది. రాత్రి అంతర్జాతీయ దిన రేఖ దాటాక నూనన్ తేదీ మార్చుకోవడం మరిచాడని, దాంతో లెక్క 60 మైళ్లు తప్పిందని. కావచ్చు. కానీ ఒక్క సిద్ధాంతం మీద మొత్తం బడ్జెట్ పెట్టేస్తే అది తప్పయిన రోజున చేతిలో ఇంకేమీ మిగలదు.

అట్లాంటిక్‌లో ఎయిర్ ఫ్రాన్స్ 447 సంగతి చూడండి. 2009 జూన్ 1న 228 మందితో కూలిన ఆ విమానం కోసం రెండేళ్లలో మూడు విడతలు వెతికినా దొరకలేదు. నాలుగో విడతకు ముందు గణిత నిపుణులు కూర్చుని పాత ఊహలన్నిటినీ తిరగదోడారు. బ్లాక్ బాక్సుల శబ్దం వినబడలేదు కాబట్టి ఆ ప్రాంతంలో విమానం లేదని అంతకు ముందు అనుకున్నారు. మరి శబ్దం చేసే పరికరాలే పాడైపోయి ఉంటే? ఆ ఒక్క ప్రశ్నతో మ్యాపు మారిపోయింది. యాత్ర మొదలైన దాదాపు వారం రోజుల్లోనే, 2011 ఏప్రిల్‌లో, చివరిసారి తెలిసిన స్థానానికి 12 కిలోమీటర్ల దూరంలో, 3,900 మీటర్ల లోతున శకలాలు దొరికాయి. దించినవి రెమస్ 6000 అనే మానవరహిత వాహనాలు. అవే రకం వాహనాలు 2009లో హౌలాండ్ పడమటి వైపు ఇయర్‌హార్ట్ కోసం వెతికి ఉత్త చేతులతో తిరిగొచ్చాయి.

ఇక సముద్రంలో పని ఎలా ఉంటుందో చెప్పాలి. అయిదు వేల మీటర్ల లోతుకు జీపీఎస్ అందదు, రేడియో అందదు, వెలుతురు అసలే ఉండదు. అక్కడ పీడనం మన నేల మీద కంటే 500 రెట్లు. వాహనాన్ని వదిలితే అది ఒకటిన్నర రోజు పాటు పొలం దున్నినట్టు వరుసలు తిప్పుకుంటూ శబ్దంతో అడుగును చదువుతుంది. పైకి వచ్చాక గానీ అది ఏం చూసిందో పూర్తిగా తెలియదు. డేటా దించుకోవాలి, శుభ్రం చేయాలి, తెరల మీద గంటల తరబడి కళ్లు చిట్లించి చూడాలి. ఎలక్ట్రా రెక్కల వెడల్పు 16.8 మీటర్లే. వెడల్పుగా చదివే సోనార్‌లో అంత వస్తువు కొన్ని చుక్కలుగా వస్తుంది. రాయి కూడా అలాగే వస్తుంది.

డీప్ సీ విజన్‌కు దెబ్బ తగిలింది ఇక్కడే. ఆ ఆకారం ఉన్న డేటా వాళ్ల దగ్గర ముందే ఉంది, గమనించింది మాత్రం యాత్ర మొదలైన 90వ రోజు దగ్గర. అప్పటికి వెనక్కి వెళ్లే వీలు లేదు. ఇంటికొచ్చి ఫొటో విడుదల చేశారు. రెక్కలు వెనక్కి వాలినట్టున్నాయని, ఎలక్ట్రా రెక్కలు అలా ఉండవని నిపుణులు అప్పుడే అన్నారు. ఆ సందేహాన్ని తీర్చేది కెమెరా ఒక్కటే. ఆ లోతులో లైటు వెలుగు పది మీటర్లకు మించి పెద్దగా పోదు కాబట్టి కెమెరా దాదాపు నేలను తాకేంత దగ్గరికి దిగాలి. దానికి రోజులు కావాలి.

కాబట్టి నా లెక్కలో ఏ యాత్రయినా మొత్తం రోజుల్లో కనీసం నాలుగో వంతు అనుమానం వచ్చిన చోట్లను మళ్లీ చూడటానికి పక్కన పెట్టుకోవాలి. విస్తీర్ణం తగ్గుతుందని స్పాన్సర్లు ఒప్పుకోరు, నిజమే. నాయకుడి పని వాళ్లను ఒప్పించడమే. వచ్చిన డేటాను వచ్చిన రోజే చూసే మనుషులను కూడా ఓడలో రెండు షిఫ్టులుగా పెట్టుకోవాలి. ఏం కనబడితే విమానం అంటామో బయల్దేరక ముందే రాసుకోవాలి: తొమ్మిదేసి సిలిండర్లున్న రెండు ఇంజిన్లు, జంట తోక రెక్కలు, వీలైతే రెక్క మీద ఎన్ఆర్16020 అన్న రిజిస్ట్రేషన్. ఇందులో ఒక్కటీ కెమెరాకు చిక్కకుండా మీడియా సమావేశం పెట్టకూడదు.

ఏఎన్-32 ప్రకటన ఆ క్రమశిక్షణకు మంచి ఉదాహరణ. సోనార్‌తో పాటు హై రిజల్యూషన్ ఫొటోలు తీశారు, వాటిని ఏఎన్-32 భాగాలతో సరిపోల్చారు, ఆ ప్రాంతంలో ఇంకే విమానమూ పోయినట్టు రికార్డు లేదని నిర్ధారించుకున్నారు. ఆ తర్వాతే నోరు విప్పారు. అయితే అక్కడితో పని అయిపోలేదు. విమానం ఎందుకు కూలిందో ఆ ఫొటోలు చెప్పవు, విశాఖలోని ఆ కుటుంబాలు అడిగే ప్రశ్న అదే. 2021లో కేంద్రం 4,077 కోట్ల రూపాయలతో సముద్రగర్భ వనరుల అన్వేషణకు డీప్ ఓషన్ మిషన్‌ను ఆమోదించింది. ఖనిజాల కోసం తెచ్చుకున్న వాహనాలు విమానం కూలినప్పుడు ఎన్ని రోజుల్లో బయల్దేరాలి, ఎవరు ఆదేశించాలి, కుటుంబాలకు ఎవరు చెప్పాలి అన్నది ముందే రాసిపెట్టుకుంటే ఇంకోసారి ఏడున్నరేళ్లు ఆగక్కర్లేదు.

దొరకని చోటు వివరాలు కూడా దొరికిన చోటంత విలువైనవే. మాయమైన మలేసియా విమానం ఎంహెచ్370 కోసం 1,20,000 చదరపు కిలోమీటర్లు వెతికి విమానం దొరకక ఆపేసిన ఆస్ట్రేలియా, ఆ సముద్రగర్భ మ్యాపులను అందరికీ ఉచితంగా ఇచ్చింది. హౌలాండ్ చుట్టూ వెతికినవి ఎక్కువగా ప్రైవేటు సంస్థలు, అలా ఇవ్వమని వాళ్లను అడిగే చట్టం లేదు. కానీ ఒకరు చూసిన చోటే ఇంకొకరు కోట్లు పోసి చూడటంలో అర్థం లేదు. యాత్రకు డబ్బిచ్చే వాళ్లు సంతకం పెట్టే ముందు ఈ ఒక్క షరతు పెట్టినా చాలు.

విమానం నిజంగా దొరికితే? పైకి తీసి మ్యూజియంలో పెట్టాలన్న ఆత్రం నాకు అర్థమవుతుంది. కానీ ఉప్పు నీటిలో దాదాపు తొంభై ఏళ్లు నానిన అల్యూమినియం గాలి తగిలితే త్వరగా పాడవుతుంది, ఉప్పును వదిలించే తొట్లు, ప్రయోగశాల ముందే సిద్ధంగా ఉండాలి. హౌలాండ్ అమెరికా వన్యప్రాణి రక్షిత ప్రాంతం, అనుమతులు వేరే. అన్నిటికంటే ముందు, అది ఇద్దరు మనుషులు పోయిన చోటు, వాళ్ల బంధువుల మాట వినాలి. వెలికితీత వేరే ప్రాజెక్టు, వేరే బడ్జెట్. మొదటి యాత్ర ఓడలో క్రేన్ కోసం ఖర్చు పెట్టే డబ్బుతో రెండో కెమెరా కొనుక్కోవడం మేలు.