ఆ వంతెన పైకప్పు గుర్రాల కోసం కాదు మహాప్రభో

ఈ వాట్సాప్ ఫార్వర్డ్ ఈ వారంలో నాలుగోసారి వచ్చింది. మొదట పిన్ని పంపింది. చివరికి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వాటర్ ట్యాంకర్ మెసేజీ కింద కూడా ప్రత్యక్షం. సారాంశం: కెనడాలో హార్ట్‌లాండ్ అనే చిన్న ఊళ్లో ప్రపంచంలోకెల్లా పొడవైన, పైకప్పున్న చెక్క వంతెన ఉంది, దానికి ఒక్క మేకు కూడా వాడలేదు, గుర్రాలు నీళ్లు చూసి బెదరకుండా, లోపల మంచు పడకుండా 1901లోనే కప్పేశారు, నేటిదాకా రిపేరన్నదే లేదు, ఊపిరి బిగబట్టి దాటితే కోరిక తీరుతుంది.

పొడవు నిజమే, 1,282 అడుగులు. ఊపిరి బిగబట్టే ఆచారమూ అక్కడ ఉంది. కాకపోతే కారులో వెళ్లండి. నడిచి వెళ్తే అదే ఆఖరి కోరిక.

మేకుల సంగతి. అది హౌ ట్రస్ వంతెన, అంటే దూలాల్ని త్రికోణాలుగా పేర్చి బిగించిన చట్రం. ఏటవాలు దూలాలు చెక్కవి, నిలువునా బిగించి పట్టుకునేవి లోహపు కడ్డీలు. అవి తీసేస్తే మిగిలేది కట్టెల మోపు.

గుర్రాల కథ నేనూ నమ్మాను. మా అమ్మాయికి చెప్పాను కూడా. కానీ 1901లో తెరిచినప్పుడు దానికి కప్పే లేదు! ఇరవై ఏళ్లు గుర్రాలు కళ్లు మూసుకుని దాటాయా? ఇక మంచు సంగతంటారా, కప్పున్న వంతెనల్లో మంచు మీద జారే చక్రాల్లేని స్లెడ్జి బండ్లు ఉత్త చెక్క మీద జారవని బయటి మంచునే పారలతో ఎత్తి లోపల పరిచేవాళ్లు.

కప్పు వంతెన కోసమే. దూలాలు, అతుకులు తడిసి ఆరి, తడిసి ఆరి పుచ్చిపోకుండా. మట్టిగోడ మీద వాన పడకుండా చూరు కిందికి దించుతాం చూడండి, అదే తెలివి. కప్పు లేకపోతే చెక్క వంతెన పదో ఇరవయ్యో ఏళ్లు. ఉంటే వందేళ్లు దాటుతుంది.

అసలు ఒళ్లు మండించింది “రిపేరన్నదే లేదు” అన్న మాట. 1920లో నది మీద కొట్టుకొచ్చిన మంచుగడ్డలు రెండు స్పాన్లను, అంటే స్తంభాల మధ్య వంతెన ముక్కల్ని, ఊడబెరుక్కుపోయాయి. బాగుచేసి, అప్పుడు కప్పేసి, 1922లో తెరిచారు. మీరు ఫొటోలో చూసి మురిసిపోతున్న కప్పే రిపేరులో వచ్చింది! పైన రేకో చెక్కో పాడైనప్పుడల్లా మార్చకపోతే కింది దూలం మాత్రం ఊరుకుంటుందా?

మా గ్రూపులో దీన్ని పెట్టింది ఎవరనుకున్నారు? మొన్న మీటింగులో టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్‌కి పైసా ఇవ్వనన్న పెద్దాయనే. అంకుల్, ఆ టెర్రస్ కింద ఫ్లాటు మాదే. మా హాలు సీలింగు మీద తడి మచ్చ ఇప్పటికి పళ్లెమంత అయింది. ఫొటో గ్రూపులో పెడుతున్నా, దాన్ని కూడా పది మందికి పంపండి.