స్టూడియో అంటే ఫొటో దిగే గోడ కాదండీ

నిన్న జరిగింది. ఇంకా కోపం చల్లారలేదు, అందుకే రాస్తున్నాను.

బాగుచేసిన ఓ పాత మిల్లు బిల్డింగ్‌లో ఆర్టిస్టుల స్టూడియోలు చూడటానికి వెళ్లాను. రెండో అంతస్తులో ఒక పెయింటర్ గది. పెద్దాయన, తన పనిలో తానున్నారు. ఇంతలో ఏడెనిమిది మంది గుంపుగా వచ్చారు. లోపలికి రావచ్చా అని ఒక్కరూ అడగలేదు. ఆయన వైపు చూడనైనా లేదు. నేరుగా ఇటుక గోడ దగ్గరికి వెళ్లి ఫోన్లు తీశారు. ఒకావిడ యాంగిల్ కుదరక వెనక్కి వెనక్కి జరిగి, భుజానికున్న బ్యాగును ఆరడానికి నిలబెట్టిన కాన్వాస్‌కు రాసేసింది. నీలం రంగు మీద జానెడు గీత పడింది.

ఆవిడ ముందు చూసుకున్నది బ్యాగు. ఆ తర్వాత అన్న మాట ఇది: "తడిగా ఉందని బోర్డు పెట్టొచ్చుగా!"

ఆయన బ్యాగు తుడుచుకోమని గుడ్డ అందించారు. అంతే, పల్లెత్తు మాట అనలేదు. వాళ్లు వెళ్లాక రంగులు కలిపే చిన్న కత్తి, పాలెట్ నైఫ్ తీసుకుని, గీత అంచుల నుంచి లోపలికి రంగును కొంచెం కొంచెంగా గీకి తీశారు. గీకిన ప్రతిసారీ కత్తిని గుడ్డకు తుడవడం, మళ్లీ గీకడం. కింద పొర బయటపడేదాకా అలాగే. నేను చూస్తూ నిలబడ్డాను, గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది.

ఆయిల్ పెయింట్ నీళ్లలా ఆవిరై ఆరిపోదండీ. అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుని మెల్లగా గట్టిపడాలి. పలచటి పొరకే రోజులు పడుతుంది, మందంగా వేస్తే నెలలు. ఇది తెలియకపోవడం తప్పు కాదు. ముట్టుకునే ముందు అడగకపోవడం తప్పు. ఎవరి ఆఫీసుకైనా వెళ్లి టేబుల్ మీది కాగితాలు ఇలాగే చిందరవందర చేస్తామా?

ఇక ఆ వెలుతురు. "లైటింగ్ సూపర్" అని ఆ గుంపులో అందరూ మురిసిపోయారు కదా. పాత మిల్లులు చాలావాటిలో రంపం పళ్లలాంటి కప్పు వేసి, అద్దాలను ఉత్తరం వైపు పెట్టేవారు. ఎండ నేరుగా మీద పడకుండా, వెలుతురు ఒకే తీరుగా రావాలని. అప్పుడు అది దారం చూసుకునే కార్మికుల కోసం, ఇప్పుడు రంగు చూసుకునే పెయింటర్ కోసం. ఆ వెలుతురు పని చేసుకోవడానికి.

గోడ సంగతీ చెప్పాలి. పాత ఇటుక గోడలకు సున్నపు గార ఉండేది, లోపలి తేమను బయటికి వదిలేది. బాగుచేస్తున్నామని దాని మీద సిమెంటు మెత్తేస్తారు. తేమ లోపలే చిక్కుకుని, ఉప్పు ఉబికి, గోడ పెచ్చులూడుతుంది. పైన మెరిస్తే చాలనుకుంటే గోడకైనా మనిషికైనా జరిగేది ఇదే.

అసలు నా కడుపుమంట నిన్నటిది మాత్రమే కాదు. ఈ బిల్డింగులు ఎవరికీ పట్టనప్పుడు వాటిని పట్టించుకున్నది ఎవరు? న్యూయార్క్‌లోని సోహో అనే పేటలో ఖాళీ పడిన ఫ్యాక్టరీ అంతస్తుల్లో చేరింది ఆర్టిస్టులే. అక్కడ వాళ్లు నివసించవచ్చని 1971లో నిబంధనలు మార్చారు. ఆ పేటకు పేరొచ్చింది, అద్దెలు పెరిగాయి, ఆర్టిస్టులు చాలామంది ఖాళీ చేసి పోయారు. ఇలాగే జరగాలని రాసిపెట్టి ఏమీ లేదు. పారిస్‌లో అల్ఫ్రెడ్ బుషే అనే శిల్పి, 1900లో అక్కడ జరిగిన ప్రపంచ ప్రదర్శనలోని వైన్ మండపాన్ని కొని, మళ్లీ నిలబెట్టి, 1902లో తక్కువ అద్దెకు స్టూడియోలు ఇచ్చాడు. అదే లా రూష్, అంటే తేనెతుట్టె. షగాల్, సూటిన్ లాంటి పేరున్న పెయింటర్లు చేతిలో డబ్బుల్లేని రోజుల్లో అక్కడ పనిచేశారు. ఇవాళ్టికీ అందులో ఆర్టిస్టులున్నారు. మనసుంటే మార్గం ఉంది.

నాకు తెలిసిన ఒక కుమ్మరి ఆర్టిస్టుకు మాత్రం ఆ మార్గం దొరకలేదు. ఇలాంటి పాత బిల్డింగ్‌లోనే చక్రం పెట్టుకుంది. కప్పు కారుతుంటే కింద బకెట్లు పెట్టుకుని పనిచేసింది. ఆమెను చూడటానికి వచ్చిన జనంతోనే ఆ చోటుకు పేరొచ్చింది. రిపేర్లు పూర్తయ్యాక ఓనర్ అద్దె రెట్టింపు చేశాడు. బట్టీని ఎక్కడికి మార్చాలో తెలియక ఆమె ఆ నెలంతా టెన్షన్‌తో నిద్రపోలేదు. చివరికి ఖాళీ చేసింది. ఇప్పుడక్కడ బట్టల షోరూమ్. చక్రం నుంచి చింది గోడ మీద పడ్డ మట్టి మరకలను మాత్రం తుడవలేదు, అందంగా ఉన్నాయని లైటు పెట్టారు. ఆ లైటు చూసిన రోజు ఆమె ఫోన్ చేసి ఏడ్చింది.

స్టూడియోలకు వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. మనిషిని పలకరించండి. ఏం చేస్తున్నారని అడగండి, చెప్పేదాకా ఆగండి. నచ్చితే కొనండి, కొనలేకపోతే పేరు గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పండి.

నిన్న రాత్రి ఆ గుంపు పెట్టిన ఫొటోలు కనబడ్డాయి. బిల్డింగ్ పేరుంది, ఇటుక గోడ గురించి నాలుగు లైన్లున్నాయి. ఆయన పేరు ఎక్కడా లేదు. ఒక ఫొటోలో మాత్రం మూలన ఆయన చెయ్యి సగం పడింది, గుడ్డ అందిస్తూ.