టీ టిఫిన్లు చూసుకున్న మేడం గారికి కూడా చప్పట్లు

ఇప్పుడే ఇంటికి వచ్చాను. చేతిసంచి కూడా భుజం మీదే ఉంది. ముఖం కడుక్కుని కాఫీ తాగితే కోపం చల్లారిపోతుందని తెలుసు, అందుకే తాగకుండా రాస్తున్నాను.

ఈ రోజు మా ఫ్యాక్టరీలో మాక్ డ్రిల్లు. హైదరాబాద్ జీడిమెట్ల పారిశ్రామికవాడలో పనిచేసేవారికి ఈ తతంగం కొత్త కాదు. సాల్వెంటు, అంటే మండే ద్రావకం, ఉన్న ట్యాంకు దగ్గర మంటలు లేచినట్టు సైరను మోగిస్తారు, నీలం చొక్కాలవాళ్లు పరుగులు తీస్తారు, ఒకరిద్దరు స్పృహ తప్పినట్టు పడుకుంటారు, వాళ్లను స్ట్రెచరు మీద మోసుకుపోతారు. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచీ ఫ్యాక్టరీలో ఆ పేలుడు జరిగిన తరువాత మా దగ్గర ఈ డ్రిల్లులు పెరిగాయి. మంచిదే. దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

ఫిర్యాదు ఆ తరువాతి సభ మీద. పెద్దసారు మైకు అందుకుని అగ్నిమాపక బృందంలో ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి శాలువా కప్పారు. స్ట్రెచరు మోసినవారికి కప్పారు. స్పృహ తప్పినట్టు పడుకున్న కుర్రవాడికి కూడా కప్పారు, బాగా నటించాడట. అంతా అయ్యాక మైకు పక్కవారికి ఇవ్వబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, "అలాగే, టీ టిఫిన్లు చూసుకున్న మేడం గారికి కూడా చప్పట్లు" అన్నారు.

కొట్టారు. నలుగురు.

టీ టిఫిన్లు! గోడ మీద ఫ్రేము కట్టించిన చార్టులో నా పేరు పక్కన ఉన్నది లాజిస్టిక్స్ విభాగాధిపతి అని. ఆ చార్టు మా సారు కనిపెట్టింది కాదు. 2010లో జాతీయ విపత్తుల నిర్వహణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. ఘటనను నడిపించే కమాండరు కింద మూడే విభాగాలు పెట్టింది: ఆపరేషన్స్, ప్రణాళిక, లాజిస్టిక్స్. మూడూ సమానం. మంటలోకి వెళ్లేవాడు ఒకడు, ఎటు వెళ్లాలో చెప్పేవాడు ఒకడు, వాడు వెళ్లడానికి కావలసినవన్నీ వాడి చేతికి అందించేవాడు ఒకడు. వైర్‌లెస్ సెట్లు నావి, వాటి బ్యాటరీలు నావి. బండ్లు, వాటిలో డీజిలు నావి. లైట్లు, టెంట్లు, మరుగుదొడ్లు నావి. సహాయానికి వెళ్లినవాడికే దెబ్బ తగిలితే చూసే వైద్య యూనిట్టు నాది. కొనుగోళ్లు, లెక్కలు, ఎవరు ఎన్ని గంటలు పనిచేశారన్న హాజరు కూడా నావే. ఇన్నింటి మధ్యలో ఎక్కడో, అవును, ఆహార యూనిట్టు కూడా ఉంది. మా సారు చదివింది ఆ ఒక్క ముక్కే.

మంటను కప్పే నురుగు తయారుచేసే ఫోమ్ సంగతి చెబుతాను, వినండి. మా దగ్గర ఉన్నది 3 శాతం ఫోమ్. నూరు లీటర్ల మిశ్రమంలో మూడు లీటర్లు ఇది, మిగిలినది నీళ్లు. మానిటరు, అంటే నురుగు చిమ్మే పెద్ద గొట్టం, నిమిషానికి 1750 లీటర్లు చిమ్ముతుంది. అంటే నిమిషానికి 52 లీటర్ల ఫోమ్ తాగుతుంది. క్యానులో పట్టేది 20 లీటర్లు. లెక్క వేసుకోండి, ఒక్కో క్యాను వచ్చేది 23 సెకన్లు. ఈ రోజు వాడిన 12 క్యాన్లు నాలుగున్నర నిమిషాల్లో అయిపోయాయి. వీడియోలో కనిపించేది మానిటరు పట్టుకుని నిలబడిన వీరుడు. వాడి వెనక 23 సెకన్లకొకసారి ఒక క్యాను మూత తిరగాలి, ఖాళీది పక్కకు జరగాలి, కొత్తది రావాలి. మూతలు బిగుసుకుపోయి ఉంటే? నిన్న సాయంత్రం ఆ పన్నెండింటి మూతలూ ఒక్కొక్కటిగా తిప్పి చూసింది నేనూ, మా స్టోర్స్ అటెండరూ. నా బొటనవేలికి బొబ్బ ఉంది. ఫోటో పెట్టను, ఆ మాత్రం పరువు నాకుంది.

ఫోటో అంటే గుర్తొచ్చింది. డ్రిల్లు మధ్యలో కెమెరా అబ్బాయి నా దగ్గరికి వచ్చి, "మేడం, ఆ క్యాన్లు కొంచెం అటు తీయిస్తారా, ఫ్రేములో చెత్తలా కనిపిస్తున్నాయి" అన్నాడు. చెత్త! నాయనా, ఆ చెత్త తీయిస్తే నీ ఫ్రేములో ఫోమ్ ఉండదు, నీళ్లే ఉంటాయి. సాల్వెంటు మంట మీద ఉత్త నీళ్లు కొడితే మండే ద్రవం తేలి పారుతుంది, మంట నీ కెమెరా దాకా వస్తుంది.

ఇక బీఏ సెట్లు, అంటే శ్వాస పరికరాలు. వీపుకు కట్టుకుని పొగలోకి వెళతారే, అవి. ఆరు లీటర్ల సిలిండరు, 300 బార్ ఒత్తిడి, అంటే 1800 లీటర్ల గాలి. కాగితం మీద 45 నిమిషాలు. మెట్లెక్కి మనిషిని భుజాన వేసుకుని దిగితే అందులో సగం వస్తే గొప్ప. అందుకే ప్రతివాడికీ నిండు సిలిండరు ఇంకొకటి సిద్ధంగా ఉండాలి. గాలి నింపే మా కంప్రెసరు గత వారం మూలపడింది. ఎనిమిది సిలిండర్లు ట్రాలీ ఆటోలో ఎక్కించి గాలి నింపించడానికి బాలానగర్ పంపాను. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు. గేట్ పాస్ రంగు తప్పట. గులాబీది కావాలి, నేను ఇచ్చింది పసుపుది. గులాబీది రాయించి పంపితే సాయంత్రం ఎనిమిదీ తిరిగొచ్చాయి, ఒకటి 210 బార్ దగ్గరే ఆగి ఉంది. ఎవరూ చూడరు కదా అని పంపినట్టున్నారు. నేను చూశాను. తెల్లవారి మళ్లీ పంపాను, మళ్లీ గులాబీ కాగితం. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వేవాడిని చూసి ఊరంతా నవ్వుతుంది. కాలకముందే తవ్వి పెట్టినవాడికి దక్కేది, పెరట్లో ఈ గొయ్యి ఎందుకన్న సణుగుడు.

అసలు ఈ బాధ్యత నాకెలా వచ్చిందో తెలుసా? మూడేళ్ల కిందట పేర్లు రాసుకునేటప్పుడు ఆపరేషన్స్‌కు నలుగురు పోటీపడ్డారు. ప్రణాళికకు ఇద్దరు. లాజిస్టిక్స్ అనగానే గది నిశ్శబ్దమైపోయింది. అప్పుడు ఒక మహానుభావుడు నవ్వుతూ, "మేడం గారికి ఇంట్లో సర్దుకోవడం అలవాటే కదా" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వినందుకు ఈ మూడేళ్లలో నన్ను నేను చాలాసార్లు తిట్టుకున్నాను. ఇంట్లో కూడా ఇంతే లెండి. పండక్కి పులిహోర కలిపినవాళ్లకు మెచ్చుకోలు, చింతపండు అయిపోయిందని పదిరోజుల ముందే గమనించినవాళ్లకు ఏమీ లేదు.

ఈ నగరానికే ఆ అలవాటు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు నూట యాభై మంది ప్రాణాలు నిలిపిన చింతచెట్టు సంగతి ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది, వెళ్లి దండం పెట్టుకుని వస్తారు. చెట్టు దిగిన తరువాత ఆ నూట యాభై మందికీ పొడిబట్టలు ఎవరిచ్చారు, ఆ పూట బియ్యం ఎక్కడి నుంచి వచ్చాయి, వంటచెరకు తడవకుండా ఎవరు దాచారు? వాళ్లకు చెట్టుకున్న పేరు కూడా లేదు.

అన్నింటికన్నా మండేది మాత్రం 2020 అక్టోబరు. పదమూడో తేదీ రాత్రి వాన మీకు గుర్తుండే ఉంటుంది. మా ఫ్యాక్టరీ సెల్లారులో ఎలక్ట్రికల్ ప్యానెళ్ల దాకా నీళ్లు. పంపులు ఉన్నాయి, డీజిలు లేదు. రాత్రి రెండింటికి మోకాలి లోతు నీళ్లలో నేనూ డ్రైవరూ బంకులు వెతుక్కుంటూ తిరిగి, మూడో బంకులో కాళ్లావేళ్లా పడి, నా సొంత డబ్బు 18,400 రూపాయలు పెట్టి డీజిలు తెచ్చాను. కరెంటు లేదు, బిల్లు చేత్తో రాసిచ్చాడు. తెల్లవారేసరికి నీళ్లు దిగాయి. అందరూ హమ్మయ్య అన్నారు.

నెల తరువాత అకౌంట్స్ నుంచి కాగితం వచ్చింది. మూడు కొటేషన్లు జతచేయవలెనట! అర్ధరాత్రి, వరదలో, మూడు బంకుల నుంచి సీల్డు కవర్లలో! పైగా బిల్లు మీద సిరా చెదిరి ఉంది, స్పష్టమైన ప్రతి పంపవలెనట. నా డబ్బు నా చేతికి రావడానికి పదకొండు నెలలు పట్టింది. అమెరికావారి పద్ధతిలో డబ్బు వ్యవహారాలకు వేరే విభాగం ఉంటుంది. మన మార్గదర్శకాల్లో మాత్రం ఆర్థిక శాఖను తెచ్చి లాజిస్టిక్స్ కిందే పెట్టారు, కొనుగోళ్లు త్వరగా జరగాలని. అంటే చార్టు ప్రకారం ఆ కాగితం పంపిన పెద్దమనిషి అత్యవసర సమయంలో నాకు సహాయకుడు. ఈ మాట ఆయనకు ఎవరైనా చెప్పండి, నేను చెబితే మళ్లీ ఏ రంగు కాగితం అడుగుతారో.

అదే వరదలో ఫాక్స్ సాగర్ చెరువు నిండి ఉమామహేశ్వర కాలనీ మునిగింది. మా పిన్ని ఇల్లు అక్కడే, మొదటి అంతస్తు. కింద నీళ్లు, పైన పిన్నీ బాబాయీ. పడవల్లో పులిహోర పొట్లాలు వచ్చాయి. మొదటి రోజు పులిహోర, రెండో రోజు పులిహోర, మూడో రోజు రెండు పడవలు వేర్వేరుగా పులిహోర. పొట్లం అందించేవాడు ఒకడు, అందించడాన్ని ఫోను పట్టుకుని తీసేవారు ఇద్దరు. మా పిన్నికి ఇన్సులిన్ అయిపోయింది. పులిహోర తినకూడని మనిషికి పులిహోర తప్ప ఏదీ రావడం లేదు. "అమ్మా, మందులేమైనా కావాలా" అని కాగితం, పెన్ను పట్టుకుని అడిగినవాడు మూడు రోజుల్లో ఒక్కడు లేడు. నాలుగో రోజు నేనే మందు, ఐసుముక్కలు థర్మాసులో వేసుకుని పడవ అబ్బాయిని బతిమాలుకుని వెళ్లాను. పిన్ని నన్ను చూడగానే అడిగిన మొదటి మాట: "పులిహోర తేలేదు కదా?"

సరే, సంగతికి వస్తాను. ఇది రాస్తుండగానే ఫోనుకు సందేశం వచ్చింది. వాడిన 12 క్యాన్ల స్థానంలో కొత్తవి కావాలని మధ్యాహ్నమే ఇండెంటు పెట్టాను. "డ్రిల్లు అయిపోయింది కదా మేడం, వచ్చే త్రైమాసికంలో చూద్దాం" అని జవాబు. పక్కన దండం పెట్టే బొమ్మ. మూడు నెలల పాటు మంటలు కూడా సెలవు తీసుకుంటాయి కాబోలు.

సాయంత్రం స్టోరు మూయబోతుంటే అగ్నిమాపక బృందంలోని చిన్నవాడు ఒకడు సిలిండరు తిరిగివ్వడానికి వచ్చాడు. శాలువా మడిచి చంకలో పెట్టుకున్నాడు. గేజి చూస్తే 40 బార్. గాలి అయిపోవస్తోందని సెట్టు ఈల మోగిన తరువాత కూడా లోపలే ఉన్నాడన్నమాట. అడిగితే, స్ట్రెచరు మెట్ల మలుపులో ఇరుక్కుందని చెప్పాడు. చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది, చేతులు ఇంకా వణుకుతున్నాయి. రిజిస్టరులో సంతకం పెట్టించుకున్నాను. వాడు వెళ్లకుండా గుమ్మంలో తచ్చాడి, మొహమాటపడుతూ అడిగాడు.

"మేడం, టీ ఏమైనా మిగిలిందా?"

మిగిలింది. ఫ్లాస్కులో నేనే దాచి ఉంచాను. రెండు కప్పులు తాగాడు.